తినొద్దని చెప్పడానికి దిల్‌సుఖ్‌నగర్ దాకా

ఉదయం పదిన్నరకు బడంగ్‌పేట్‌లో షేరింగ్ ఆటో ఎక్కాను. సంచిలో మంచినీళ్ల సీసా, ఖాళీ ప్లాస్టిక్ కవర్లు తప్ప ఏమీ లేవు. నేను ఇంట్లో పొడులు చేసి అమ్ముతాను. ఆ రోజు మాత్రం అమ్మినవి వెనక్కి తెచ్చుకోవడానికి బయలుదేరాను.

అంతకు కాసేపటి ముందే, నాకు పొడులు పట్టిచ్చే పిండి గిర్ని యాదగిరి ఫోన్ చేశాడు. "అక్కా, నిన్న నీ నువ్వుల కంటే ముందు పల్లీలు పట్టినం. మషిన్ సాఫ్ చెయ్యకుండనే నీది ఏసిన్రంట. గిప్పుడే తెల్సింది."

నా ప్యాకెట్ల మీద 'పల్లీలు కలపలేదు' అని రాసి ఉంటుంది. వెంటనే నా దగ్గర కొనేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: నిన్నటి నువ్వుల పొడి ఎవరూ తినొద్దు, పక్కన పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను. అందరూ జవాబిచ్చారు, ఒక్క మలక్‌పేట సారమ్మ తప్ప. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆమె కూతురు రూతుకు పల్లీలు పడవు. ఒకసారి హోటల్ చట్నీ తిని గొంతు వాచి, ఊపిరాడక దవాఖానలో పడింది.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. మలక్‌పేటకు ఇదే సులువు, రోడ్డు మీద పోతే ట్రాఫిక్‌లో చిక్కుకుంటాం. పక్క సీటులో కూరగాయల సంచితో ఉన్నావిడ నా కంగారు చూసి సంగతి అడిగింది. చెప్పాను. "ఊకో చెల్లె, జరంత పల్లీ పొడికి ఏమైతది? నువ్వే చెప్పుకుంటే రేపటి సంది ఎవరు కొంటరు?" అంది. ఆ భయం నాకూ ఉంది. అయినా మళ్లీ సారమ్మకు ఫోన్ కలిపాను.

స్టేషన్ దిగి సందుల్లో నడిచి వెళ్లేసరికి సారమ్మ బట్టలు ఆరేస్తోంది.

"ఫోన్ నీళ్లల్ల పడ్డది, రిపేర్‌కిచ్చిన. ఏమైందమ్మా?"

విషయం చెప్పగానే ఆమె చేతిలోని చీర జారిపోయింది. "పొద్దుగాల అన్నంల కలిపి బిడ్డకు డబ్బా కట్టిన!"

రూతు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. డ్యూటీ ఎక్కేముందే ఫోన్లు తీసుకుంటారట. షాపు నంబరు సారమ్మ పాడైన ఫోన్‌లో ఉండిపోయింది. రూతు డబ్బాలో ఆ పొడి ఉందని, షాపు నంబరు తెలిస్తే పంపమని గ్రూపులో పెడుతూనే సారమ్మతో స్టేషన్‌కు పరుగెత్తాను; నంబరు ఎవరి దగ్గరా లేదు. రైల్లో సీట్లున్నా ఆమె కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి ప్రార్థన చేసుకుంటోంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి మధ్యాహ్న భోజనాల వేళ. షాపు గుమ్మంలో మేనేజరు అడ్డొచ్చాడు. "స్టాఫ్‌ని కలవాలంటే సాయంత్రం రండమ్మా." నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. "అయ్యో, ముందే చెప్పొద్దాండీ! పైన తింటున్నారు, పదండి" అంటూ మాకంటే ముందు మెట్లెక్కాడు.

పైగదిలో రూతు డబ్బా మూత తీసి, పక్కమ్మాయితో మాట్లాడుతోంది.

"ముట్టకు బిడ్డా!" అని సారమ్మ అరిచింది.

రూతు చెయ్యి ఆగిపోయింది. ఇంకా ముద్ద కలపలేదు. సారమ్మ కూతురి పక్కన కూలబడి ఏడ్చేసింది. నేను డబ్బాకు మూత పెట్టి నా సంచిలో వేసుకున్నాను. పక్కమ్మాయి తన పప్పన్నం సగం రూతుకు పెట్టింది. మేనేజరు మాకు చాయ్ తెప్పించాడు.

"నాది తప్పయింది రూతూ" అన్నాను.

"అక్కా, నాకు పడదంటే నఖరాలంటరు అందరు. నువ్వు గింత దూరం ఉరికొచ్చినవ్. మల్ల చేసినప్పుడు నాకియ్యి, కాని మషిన్ కడిగినంకనే" అని నవ్వింది.

సారమ్మ ఇంట్లో మిగిలిన ప్యాకెట్‌ను ఎవరూ తినకుండా పక్కన పెడతానంది. ఆమెను మలక్‌పేట వైపు రైలెక్కించి, నేను ఎల్బీనగర్ రైలెక్కాను. దారిలోనే యాదగిరికి ఫోన్ చేశాను. నువ్వుల కోసం వేరే మషిన్ పెడతానన్నాడు. అది వచ్చేదాకా ఇంట్లో మిక్సీలోనే పడతానని చెప్పాను. సాయంత్రానికల్లా మిగతా ప్యాకెట్లన్నీ ఇంటింటికీ తిరిగి తెచ్చుకున్నాను. తలుపు తీసిన ప్రతివాళ్లూ ముందు అడిగింది ఒకటే: "ఆ అమ్మాయికి ఏం కాలేదు కదా?" కాలేదని చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగా ఊపిరి అందినట్టయింది.