మెరుగుపడి ఇంటికి

రాజమండ్రిలో నేను పనిచేసే ఆసుపత్రి రికార్డులే నిజమైతే, యముడు ఈపాటికి దున్నపోతును అమ్మేసుకుని రామచంద్రపురంలో కొబ్బరికాయలు వలుస్తూ ఉండాలి. మా దగ్గర ఎవరూ పోరు. కంప్యూటర్లో డిశ్చార్జి పేజీ తెరిస్తే ఒక జాబితా దిగుతుంది. అందులో మొదటి మాట ‘మెరుగుపడి ఇంటికి’. మౌస్ దానంతటదే వెళ్ళి అక్కడ కూర్చుంటుంది.

ఇక లాభం లేదని డాక్టరు చెప్పగానే మా వైపు మనిషిని ఇంటికి తీసుకెళ్ళిపోతారు. ఆఖరి ఊపిరి సొంత గుమ్మంలోనే పోవాలి. అలా ఆక్సిజన్‌తో అంబులెన్సు ఎక్కేవాళ్ళకు జాబితాలో చోటు లేదు. వెళ్ళేది ఇంటికే కదా అని మొదటిదే నొక్కేవాణ్ణి. ఈ లెక్కన సగం జిల్లాను ఒంటిచేత్తో మెరుగుపరిచాను.

మొన్న గుండె డాక్టరమ్మగారు పిలిచారు. కొత్త మందు మీద వ్యాసం రాస్తున్నారట.

“చూడండి, మందు వాడినవాళ్ళంతా మెరుగుపడే వెళ్ళారు. ఇకమీదట అందరికీ ఇదే మందు రాద్దామనుకుంటున్నా.”

తెర మీది పేర్లలో మా అన్నయ్య కనిపించాడు. తుమ్మితే చెట్టు మీది బొండాలు రాలే మనిషి. ఇంటికి తీసుకెళ్ళిన రోజు దిండంత బరువు కూడా లేడు.

“ఈయన మా అన్నయ్యండి.”

“చెప్పలేదేంటండీ! ఎలా ఉన్నారు?”

“పెద్దకర్మ కూడా అయిపోయిందండి.”

ఆవిడ కళ్ళజోడు తీశారు. “మరి మెరుగని ఎవరు కొట్టారు?”

“నేనేనండి. కింద అంబులెన్సు ఆగి ఉంది, తొందరలో కొట్టేశాను.”

వ్యాసం ఆపేశారు. అందరి ఇళ్ళకూ ఫోన్ చేసి, ఉన్నారో లేదో కనుక్కోమన్నారు. మొదటి నంబరు వదినది. అక్కడ కనుక్కోవాల్సిందేమీ లేదు. పోయిన తేదీ మాత్రం ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా గుర్తు రాలేదు.

“వదినా, అన్నయ్య ఏ రోజు పోయాడు?”

“ఏంటయ్యా మరిదీ, ఆటలా? కాళ్ళు పట్టుకుని కూర్చున్నది నువ్వే కదా.”

“కంప్యూటర్లో ఎక్కించాలి వదినా.”

“దానికి ఇప్పుడు తెలిసిందా?” అని, “మాఘ బహుళ ద్వాదశి” అంది.

కంప్యూటరు ద్వాదశి తీసుకోదు. గోడ మీది క్యాలెండరు తిరగేసి తేదీ పట్టుకున్నాను. ‘మరణం’ నొక్కాను. మార్పుకు కారణం ఏమిటని అడిగింది. దానికీ ఒక జాబితా. మొదటి మాట ‘టైపింగ్ పొరపాటు’. మౌస్ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది.

నొక్కేసి, రెండో నంబరుకు ఫోన్ చేశాను.