ఎదురు రాని మనిషి

జవానుగారి అమ్మ ఎవరు బయల్దేరినా ఎదురుగా వచ్చేది కాదు. ఆవిడ కొడుకు, యుద్ధంలో పోయిన ఆ జవాను మీద మ్యూజియం కోసం షూటింగ్ ముగించుకుని, హనుమాన్ జంక్షన్ దగ్గరున్న వాళ్ళ ఊళ్ళో మేం కారెక్కుతుంటే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. "జాగర్తగా వెళ్ళిరండమ్మా" అని అక్కణ్ణుంచే కేకేసింది.

మర్చిపోయిన మైకు కోసం వెనక్కి వెళ్ళి, ఎందుకలా అని అడిగాను.

"మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఎవరికీ ఎదురు రానమ్మా, మంచిది కాదంటారు. మావాడు ఆఖరుసారి వెళ్ళినప్పుడు కూడా తలుపు వెనకాలే నుంచున్నా. బూట్ల చప్పుడే విన్నాను."

భవానీపురంలో మ్యూజియం తెరిచిన రోజు ఆవిణ్ణి పిలిచారు. మేం తీసింది వేసే గదిలో నాలుగు గోడలూ, నేలా కూడా తెరలే. చూసేవాళ్ళే జవాను అన్నట్టు, ఇంటి గుమ్మంలోంచి సరిహద్దు దాకా తీసుకెళ్తాయి. షూటింగ్ రోజు మా కోసం మంచినీళ్ళు తెస్తూ ఆవిడ నడిచిన నడకని మా డైరెక్టరు ప్రయాణం సీనులో అతికించాడు. గుమ్మం దాటగానే, గోడంత ఎత్తున, బోసి నుదురుతో ఆవిడే ఎదురొచ్చింది. ఆ తర్వాత మంచు, తుపాకులు.

ఆవిడ ఏడవలేదు. "వాడికి నన్ను ఎదురు తెచ్చారా బాబూ?" అంది. "అది తీసెయ్యడానికి కుదరదా?"

"అందరికీ నచ్చింది అదేనండీ" అన్నాడు డైరెక్టరు.

బయట తర్వాతి ఆటకి బడిపిల్లలు వరసలో కదిలారు. ఆవిడ గబగబా స్తంభం చాటుకి తప్పుకుంది. పిల్లలంతా లోపలికి వెళ్ళేదాకా అక్కడే ఉంది. లోపల గోడ మీద ఆవిడ అప్పటికే వాళ్ళకి ఎదురొస్తోంది.