మూఢంలో మాత్రమే దొరికే కెమెరా

ఆ రోజుల్లో సినిమా తీయాలంటే కెమెరా ఉంటే చాలనుకునేవాణ్ని. ఎంత వెర్రివాణ్నో! ఇప్పుడు మా వీధిలో టిఫిన్ బండి నడిపే కుర్రాడు జేబులోంచి ఫోను తీసి, మధ్యాహ్నానికి ఓ పొట్టి సినిమా చుట్టేసి, సాయంత్రానికి లోకమంతటికీ చూపించేసి, మర్నాడు పొద్దున్నే చూసినవాళ్ల తిట్లు చదువుకుంటూ ఇడ్లీలు వేస్తున్నాడు. చూస్తే ముచ్చటేస్తుంది. అబద్ధం ఎందుకు, ఒళ్లు మండుతుంది. ఎందుకు మండదూ? ఆ వయసులో నేను ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఎర్రబస్సుల్లో పడి తిరిగి, కనబడిన ప్రతి పెద్దమనిషికీ కథ చెప్పాను. వాళ్లు పెట్టిన భోజనాలు తిన్నాను, వాళ్లిచ్చిన సలహాలూ మింగాను. అంతా చేసి నాకు దక్కిందేమిటో చెబుతాను, న్యాయం మీరే చెప్పండి.

మా అక్క మొగుడికి ఖమ్మంలో ఫోటో స్టూడియో ఉండేది. నేను అందులో అసిస్టెంటుని, అంటే పెళ్లిళ్లలో లైటు పట్టుకునేవాణ్ని. (పెళ్లికూతురు మొహం మీద వెలుగు సరిగ్గా పడితే మెచ్చుకోలు బావకి, పడకపోతే చీవాట్లు నాకు.) వీడియో కెమెరాలు అప్పుడే కొత్తగా వస్తున్నాయి. బావ అప్పోసప్పో చేసి ఒకటి కొన్నాడు. భుజం మీద కెమెరా, చంకకి దాని పెట్టె, వెనకాల బారెడు వైరు. మా అక్క నగలు డబ్బాలో ఉండేవి, కెమెరా మాత్రం బీరువాలో ఉండేది. ఎన్నిసార్లు అడిగినా బావ ఇచ్చేవాడు కాదు. ఆఖరికి నా పోరు పడలేక ఒకరోజు అన్నాడు: "మూఢంల ఎట్లాగూ పెళ్లిళ్లుండయ్. అప్పుడు తీస్కపో. ముహూర్తాలు మొదలైనయంటే మాత్రం ఒక్క పూట గూడ ఇయ్య. కెమెరా పెళ్లోళ్లది, నీది గాదు."

ఆ ఏడాది నా అదృష్టం చూడండి, ఇప్పపూలు రాలే రోజులూ మూఢమూ కలిసొచ్చాయి. నా సినిమాకి కావలసింది సరిగ్గా అదే. పర్ణశాల దాటి అడవిలోకి పోతే ఒక ఊరుంది. పింఛను కాగితాల కోసం అక్కడి ముసలివాళ్ల ఫోటోలు తీయడానికి వెళ్లినప్పుడు నాకీ కథ దొరికింది. ఒక ఇప్పచెట్టు. దాని కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంచుకుని, తెల్లారేసరికి రాలిన పూలు ఏరుకుంటారు. చెట్టు ఇద్దరు తోడికోడళ్లది. ఇద్దరూ ముసలివాళ్లైపోయారు, ఇద్దరికీ మాటల్లేవు. తూర్పు దిక్కున రాలిన పూలు పెద్దామెవి, పడమటి దిక్కువి చిన్నామెవి. ఒకరి పువ్వు ఒకరు ముట్టరు. ఒకనాటి ఉదయం పడమటి పూలు ఏరకుండా అలాగే పడి ఉంటాయి. పెద్దామె చూస్తుంది, కాసేపు తనలో తను గొణుక్కుంటుంది, చివరికి అవి కూడా ఏరి గంపకెత్తుకుని చిన్నామె గుడిసె ముందుకి పోయి నిలబడుతుంది. తడిక తలుపు కదులుతుంది. అంతే, అయిపోయింది. పెద్దామెగా వేయడానికి ఆ ఊళ్లోనే ఒక అవ్వ ఒప్పుకుంది, కొత్త చీర కొనిపెట్టాలన్న షరతు మీద. నేను పాత చీరే బాగుంటుందంటే, "సినిమాల పాత చీర ఎవలు కట్టుకుంటరు?" అని నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది.

క్యాసెట్లు, జీపు కిరాయి, నలుగురికి తిండి, అవ్వకి చీర. ఇంతే కావలసింది. ఇది పెట్టే పుణ్యాత్ముడి కోసం మొదట భద్రాచలంలో తునికాకు కాంట్రాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ఒక గుడికి ట్యూబులైటు ఇచ్చి, దాని మీద తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఎర్ర రంగుతో రాయించగా ఇక వెలుతురు రావడానికి చోటు మిగల్లేదు. కళాపోషణ ఉన్న మనిషి కదా అనుకున్నాను. కథంతా కళ్లు మూసుకుని విన్నాడు.

"మంచిగనే ఉన్నది గని తమ్మీ, ఇప్పపువ్వంటే జనం సారా అనుకుంటరు. రేపు ఎక్సైజోళ్లు నా ఇంటి మీద పడ్తరు. తునికాకు పెట్టు. ఏరుడే గదా, ఏదైతే ఏంది?"

"తునికాకు రాలదండీ, చెట్టు నుంచి కోయాలి."

"కోపియ్యి. ఎవలొద్దన్నరు? గని నా పేరెక్కడ పడ్తది?"

"చివర్లో అండీ."

"చివర్ల ఎవడు సూస్తడు? అందరు లేసి చెప్పులు ఎతుక్కుంటుంటరు. నడిమిట్ల ఎయ్యి. ముసలామె గంప పట్టుకొని నడుస్తుంటది సూడు, గక్కడ."

నమస్కారం పెట్టి లేచి వచ్చేశాను. బస్సు ఖమ్మం చేరేదాకా నా పళ్లు పటపటలాడుతూనే ఉన్నాయి. ముసలామె నడుస్తుంటే ఆమె మొహం మీద కాంట్రాక్టరు పేరా!

తర్వాత మధిర రైసుమిల్లు పెద్దాయన. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన చిన్నకొడుకు పెళ్లి అంతకుముందే అయింది, వీడియో తీసింది మేమే. ఇంట్లో ఇద్దరు కోడళ్లు. కొత్త కోడలు కాపురానికొచ్చిన కొద్ది రోజులకే వంటింట్లో సరిహద్దులు పడ్డాయనీ, చెరో పొయ్యి దగ్గర చెరొకరూ నిలబడి గోడతో మాట్లాడుతున్నారనీ పనామె నా చెవిన వేసింది. నాకెందుకు, నేను వచ్చింది సినిమా పని మీద.

పెద్దాయన ముందు భోజనం పెట్టించాడు. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు. తర్వాత పడక్కుర్చీలో వాలి "ఊఁ, చెప్పు" అన్నాడు. చెప్పాను. గంప ఎత్తుకునే చోటికొచ్చేసరికి పెద్దాయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. వంటింటి గుమ్మానికి అటొక కోడలు, ఇటొక కోడలు నిలబడి వింటున్నారు. నా గుండె ఉప్పొంగిపోయింది.

"తలుపు తెరిచాక ఏమవుద్దయ్యా?" అన్నాడు.

"అంతేనండీ, అయిపోయింది."

"అదేంటి? చిన్నామె ఉందా, పోయిందా?"

"అది చూసేవాళ్లకే వదిలేశానండీ."

"మాకెందుకయ్యా వదిలెయ్యడం! డబ్బులు పెట్టించుకుని కథ మమ్మల్ని చెప్పుకోమంటావా? చిన్నామె బయటికొచ్చి గంప అందుకోవాలి. ఇద్దరూ భోరున ఏడవాలి."

నేను ససేమిరా అన్నాను. కళ కదా! ఆయన కోప్పడలేదు. "సర్లే, రేపు మా బావమరిది వస్తాడు, వాడు కూడా వినాలి" అన్నాడు. మర్నాడు బావమరిదికి చెప్పాను. ఆ తర్వాత బోనకల్ నుంచి వియ్యంకుడు దిగాడు, ఆయనకీ చెప్పాను. మిల్లుకి వడ్లు తెచ్చిన రైతులు బండ్లు విప్పుకుని కూర్చుంటే వాళ్లకీ చెప్పించాడు. ప్రతిసారీ భోజనం, ప్రతిసారీ కండువా. "వీడు చెబుతుంటే కళ్లకి కట్టినట్టుంటుందిరా, ఇంకా తీయడం కూడా ఎందుకు!" అని ఆయన మురిసిపోతుంటే నాకు కడుపు రగిలిపోయేది. అవతల అడవిలో పూలు రాలి అయిపోతున్నాయి. మూఢం కరిగిపోతోంది. ఈయన నా చేత హరికథ చెప్పించుకుంటున్నాడు!

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "తీద్దామయ్యా, ఎవరు కాదన్నారు?" అన్నాడు నిబ్బరంగా. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. "అయితే రేపే జీపు మాట్లాడతానండీ!" అన్నాను. ఆయన పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. "రేపా? మూఢంలోనా? మతుండే మాట్లాడుతున్నావా?"

మూఢం కాబట్టే కెమెరా ఖాళీ అని చెప్పాను. మూఢం కాబట్టే రూపాయి తీయనన్నాడు. మూఢం పోతే కెమెరా పోతుంది, పూలు కూడా పోతాయి మహాప్రభో అని మొత్తుకున్నాను. చివరికి వాళ్ల పురోహితుణ్ని పిలిపించారు. ఆయన పొడుం పీల్చి, పంచాంగం తెరిచి, మూసి, తీర్పు చెప్పాడు: "సినిమా మాట శాస్త్రంలో లేదు. కొత్తగా మొదలెడితే దోషమే. మొదలైన పని సాగిస్తుంటే మాత్రం మూఢం అంటదు."

అప్పుడు మెరిసింది నా బుర్ర! (ఆ మెరుపుని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.) "అయితే ఇబ్బందే లేదండీ! మీ చిన్నబ్బాయి పెళ్లి క్యాసెట్టు ఉంది కదా, అప్పగింతల తర్వాత బోలెడు ఖాళీ ఉంది. నా సినిమా అందులోనే తీసేస్తాను. శుభముహూర్తంలో మొదలైన క్యాసెట్టు, కొనసాగింపే కదా!"

పురోహితుడు ఆలోచనలో పడి "ఒక రకంగా..." అనబోయాడు. పెద్దాయన మొహం కందగడ్డ అయిపోయింది. "మావాడి పెళ్లి చివర మాటల్లేని తోడికోడళ్లని అతికిస్తావా? అందులో ఒకామె ఉందో పోయిందో కూడా తెలీదంటివి! లే, లేవయ్యా ముందు!" అని గర్జించాడు. వంటింటి గుమ్మం దగ్గర నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినబడింది. ఒకరిదో ఇద్దరిదో చూసే ఓపిక నాకు లేదు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా స్టేషనుకి నడిచాను. దారి పొడుగునా ఆయన్నీ, పంచాంగాన్నీ, మూఢాన్నీ, చివరికి ఆ గోంగూర పచ్చడిని కూడా తిట్టుకున్నాను.

మూఢం వెళ్లిపోయింది. కెమెరాకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బావ మళ్లీ పెళ్లిళ్లకి బయల్దేరాడు. వెంటనే మధిర నుంచి పెద్దాయన కబురు: "దివ్యమైన ముహూర్తం దొరికింది. వచ్చి సినిమా మొదలెట్టుకో." ఆ దివ్యమైన ముహూర్తానికే ఆయన బావమరిది కూతురి పెళ్లి. మా కెమెరా అక్కడే ఉంది, లైటు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. పెద్దాయన నా భుజం తట్టి చుట్టాలందరికీ పరిచయం చేశాడు: "ఇతను భలే కథ చెబుతాడు, భోజనాలయ్యాక విందురుగాని." చెప్పొద్దూ, ఆ లైటు ఆయన నెత్తిన పడేద్దామనిపించింది. పడేస్తే బావ నన్ను చంపేవాడు. అడవిలో ఆ పాటికి ఇప్పచెట్టు కింద ఒక్క పువ్వు లేదు. ఆ సినిమా నేను తీయలేదు, ఒక్క ముక్క కూడా తీయలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య ఖమ్మంలో ఒక పెళ్లికి పోయాను. (లైటు పట్టుకోవడానికి కాదు, అక్షింతలు వేయడానికి.) తల నెరిసిన ఒకావిడ నన్నే పరీక్షగా చూసి దగ్గరికొచ్చింది.

"అన్నయ్యగారూ, గుర్తుపట్టిన్రా? మధిర మిల్లు చిన్నకోడల్ని. మా పెళ్లి క్యాసెట్టు మీరే గదా తీసింది."

"అవునమ్మా, బాగున్నారా?"

"దాని చివర మీరు తీసిన ఇప్పపూల సినిమా ఉండె, యాదికున్నదా? క్యాసెట్టు బూజు పట్టి పోయిందనుకోండి. గని నేనూ మా తోడికోడలక్కా కలిసే చూసినం. పెద్దామె పూలు తీస్కపోతే చిన్నామె బైటికొచ్చి గంప అందుకుంటది చూడండి, అక్కడ ఇద్దరం ఒకటే ఏడుపు. నవ్వకండి, మేం మాట్లాడుకునుడు మొదలైంది ఆ సినిమా చూసినంకనే."

తీయలేదమ్మా అని నోటిదాకా వచ్చింది. అసలు చిన్నామె బయటికి రావడమనేది నా కథలోనే లేదు, అది మీ మామగారి పైత్యం అని కూడా వచ్చింది. ఆవిడ కళ్లల్లో తడి చూసి మింగేశాను. ఇన్నేళ్లకి నా సినిమా చూసిన మనిషి దొరికింది, పోగొట్టుకుంటానా? దర్శకుడి గొంతు తెచ్చుకుని అడిగాను: "ఎలా ఉందమ్మా?"

"బాగుంది. గని ఆ తలుపు కాడ జర సాగదీసిన్రు."

చూశారా! తీయని సినిమాని సాగదీశానట! ఉడికిపోతూ ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తకుండా అంది: "నిజమే కదా, పెళ్లైన కొత్తలో నాకు చెప్పినప్పుడు కూడా ఆ తలుపు దగ్గర సాగదీశారు." పక్కన కూర్చుని నాలుగు చిక్కుడుకాయలు అందుకుని, నవ్వుకుంటూ, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలెట్టాను. ఈసారి తలుపు జల్దీగానే తెరిచాను. చిన్నామెని బయటికి రమ్మన్నాను.