కోసేసిన పద్నాలుగో పేజీ

అతను నా పుస్తకాన్ని అట్టల దగ్గర పట్టుకుని చీల్చాడు. కుట్టు గట్టిది, ఒకేసారి తెగలేదు. మోకాలికి ఆనించి లాగాడు. రెండు ముక్కలనూ వాకిట్లో మండుతున్న బొగ్గుపొయ్యిలో కుక్కాడు. వసారాలో తొట్టెలలో నా పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

అది ఎం.ఏ. తెలుగు చివరి సెమిస్టర్‌కి నేను రాసిన ప్రాజెక్టు. గని కార్మికులు చెప్పిన తమ బతుకు కథలు. పాప కడుపులో ఉండగా మొదలుపెట్టి, పురుడయ్యాక పూర్తి చేశాను. గోదావరిఖనిలో మా క్వార్టర్ పక్క క్వార్టర్ పెద్దాయన కథే అందులో పెద్దది. చీల్చింది ఆయన కొడుకు. ముందురోజు దాకా నన్ను అక్కా అని పిలిచినవాడు.

పెద్దాయనది కమాన్‌పూర్ దగ్గరి పల్లె. ఉద్యోగం కాగితం వచ్చింది ఆయన స్నేహితుడికి. ఆ స్నేహితుడు ఒక్కరోజు గనిలోకి దిగి, భయపడి పారిపోయాడు. మర్నాడు అదే కాగితంతో, అదే పేరుతో ఈయన దిగారు. ముప్పై ఏళ్లు ఆ పేరుకే పలికారు. ఇక్కడ అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను ఈ క్వార్టర్లలోనే పుట్టాను, నాకూ తెలుసు.

అయినా రాశాను. చెప్పినవాళ్ల అసలు పేరు, తండ్రి పేరు, ఊరు లేకపోతే అది పరిశోధన కాదని కాలేజీలో మేడం అన్నారు. పద్నాలుగో పేజీలో పెద్దాయన రెండు పేర్లూ పక్కపక్కన పెట్టాను. పైగా ఒక ప్రతిని మిఠాయి డబ్బాతో సహా వాళ్లింట్లో ఇచ్చి వచ్చాను. ఆ నెలలోనే ఆయనకు మెడికల్ బోర్డు. తండ్రిని అన్‌ఫిట్ అంటే ఆ ఉద్యోగం కొడుక్కి ఇస్తారు. మారుపేరని తేలితే ఇవ్వరు. మర్నాడు పొద్దున్నే కొడుకు ఆ ప్రతి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"మా బాపు పేరు రాయమని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"అది కాలేజీకి తమ్మీ, కంపెనీకి కాదు."

"కాలేజోళ్లకు నోర్లు లేవా? ఒక్కడు పోయి ఆఫీసుల చెప్తె చాలు. నా నౌకరి పోతె నీ మొగడిస్తడా?"

నా భర్త ఫస్ట్ షిఫ్టుకు వెళ్లాడు. పెద్దాయన చెప్పుల్లేకుండా ఉరికొచ్చి కొడుకు భుజం పట్టుకున్నారు. "చెప్పింది నేన్రా. ఆ పిల్లనేమనకు."

"ఇన్నేండ్లు లేని పేరు గిప్పుడెందుకే బాపూ నీకు?"

తండ్రిని చెంప మీద కొట్టాడు. రెండో దెబ్బకు ఆయన తల గుమ్మానికి తగిలి కనుబొమ చిట్లింది. నెత్తురు కంట్లోకి కారింది. మూడోసారి చెయ్యెత్తిన కొడుకు తూలి తొట్టెల మీద పడబోయాడు. అతని మోచెయ్యి తగిలి తొట్టెల పోయి గోడకు కొట్టుకుంది.

పొయ్యిలోంచి ఇనుప చువ్వ లాగి అతని ముంజేతి మీద కొట్టాను. చర్మం చుయ్యిమంది. మళ్లీ కొట్టాను. రెండో దెబ్బ అవసరం లేదు. మొదటిదానికే అతను కింద కూర్చుండిపోయాడు. ఆ సంగతి చూసే కొట్టాను.

పాపకు ఏమీ కాలేదు. మర్నాడు దాన్ని చంకనేసుకుని కాలేజీకి వెళ్లాను. అక్కడున్న మూడు ప్రతుల్లోనూ మేడం ముందే పద్నాలుగో పేజీ బ్లేడుతో కోశాను.

"నీ ప్రాజెక్టులో పనికొచ్చేది అదేనమ్మా" అన్నారు ఆవిడ.

వైవాలో మార్కులు తగ్గాయి. పాసయ్యాను. పీహెచ్‌డీ సీటుకు ఆ మార్కులు సరిపోలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దాయన కనుబొమ మీద కుట్లతో వచ్చారు.

"కోసినవంట గద బిడ్డా. కాలవెట్టినవా?"

"ఇంకా లేదు కాకా."

"ఒక్కపారి సదువు."

తలుపు వేసి చదివాను. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు. "ఇంకోపారి" అన్నారు కళ్లు మూసుకుని. మూడోసారి చదివినప్పుడు, ఎవరో పిలిచినట్టు మెల్లగా "ఆ" అని పలికారు. ఆ మూడు కాగితాలూ తీసుకుని తనే పొయ్యిలో వేశారు. అదే చువ్వతో అదిమి పట్టారు.

కొడుక్కి ఉద్యోగం వచ్చింది. రోజూ మా వాకిలి ముందునుంచే డ్యూటీకి వెళ్తాడు. చొక్కా చేతి కింద రెండు కాలిన చారలు కనబడతాయి. నా వైపు చూడడు. పాపకు ఇప్పుడు నడక వచ్చింది. అతని బండి చప్పుడు వినగానే వాకిట్లోకి పరుగెడుతుంది. నేను దాన్ని రెక్క పట్టి లోపలికి లాగుతాను. వంట గ్యాసు మీదికి మారినా, చువ్వను మాత్రం తలుపు వెనకే ఉంచాను.