మాఫీ అన్న మాట

మస్కట్‌లో దిగిన కొత్తలో హమ్రియాలో ఒక దుకాణానికి వెళ్లి బీడీకట్ట అడిగాను. దుకాణంలో ఉన్న ఒమానీ ఆయన చేయి అడ్డంగా ఊపి "మాఫీ" అన్నాడు. నేనేం తప్పు చేశానో తెలియదు గానీ, అడక్కుండానే క్షమించేశాడు, ఎంత మంచివాడో అనుకుని దండం పెట్టి వచ్చాను. మా కరీంనగర్ వైపు మాఫీ అంటే క్షమాపణ. అక్కడ మాఫీ అంటే లేదు. ఈ సంగతి చెప్పి రూమ్‌లో వాళ్లు నెల రోజులు నన్ను ఏడిపించారు. ఐదారేళ్లకు, ఖురియాత్ అవతల ఒక కొండ దగ్గర, అదే మాట నా మెడకు చుట్టుకుంది.

తొంభైల మొదట్లో ఆ కొండ నెత్తిన చదును చేసే పని మా కంపెనీకి వచ్చింది. నక్షత్రాలు చూసే పెద్ద దూర్బీను పెడతారట. మస్కట్‌లో పెద్దవాళ్లు కొందరు కావాలని, కొందరు వద్దని కొట్టుకుంటున్నారని వినేవాళ్లం. కొండ కింద ఇరవై ఇళ్ల పల్లె. అందులో ఒక ముసలాయన రోజూ నన్ను పిలిచి ఖహ్వా, అదే వాళ్ల కాఫీ, పోసేవాడు. బాబా అనేవాణ్ని. ఊరి మొదట్లో కొత్తగా కరెంటు స్తంభాలు దింపారు. ఇంకేం, కరెంటు వచ్చేసినట్టేనని ఆయన మస్కట్‌లో రూవి బజారుకు పోయి ఫ్రిజ్ కొనుక్కొచ్చాడు. దాని మీద అంటించిన ప్లాస్టిక్ కూడా పీకకుండా, పైన ఖహ్వా కప్పులు పెట్టుకునేవాడు. వచ్చిన వాళ్లందరికీ తలుపు తీసి చూపించేవాడు.

ఒక పొద్దున ఊరి మగవాళ్లంతా మా దారికి అడ్డంగా కూర్చున్నారు. పైన పెట్టే దూర్బీను తమ వాకిళ్లలోకి, ఆడవాళ్ల మీదికి చూస్తుందని ఎవరో చెప్పారట. లారీలు ఆగిపోయాయి. మా ఫోర్‌మన్ కడప మనిషి, ముక్కుమీద కోపం. ముందురోజే వాళ్లమీద నోరు పారేసుకున్నాడు గనక ఎవరూ ఆయన మొహం చూడటం లేదు. నన్ను లారీ చాటుకు పిలిచాడు.

"ఒరే, ఆ ముసిలాయన నీ మాటింటాడు. అది ఆకాశం తప్ప యాడికీ చూడదని చెప్పిరాపో."

"గంతేనా సాబ్?"

"ఇంగోటి. దానికి చుట్టూ చీకటుండాలంట. ఈ ఊరికి కరెంటియ్యరు, స్తంభాలు ఎత్తుకపోతారు. ఆ మాట నీ నోట్లోనుంచి వచ్చిందంటే శుక్రవారం ఫ్లైటెక్కిస్తా నిన్ను."

నా పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. ఒకసారి వెనక్కి పంపితే మళ్లీ రావడం కల్ల. వెళ్లి ముసలాయన ముందు కూర్చున్నాను.

వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, చేతులు పైకెత్తి, అది ఆకాశమే చూస్తుందని, ఇళ్లను చూడదని చెప్పాను. ఆయన అల్లా మీద ఒట్టేయమనలేదు. నా మాట మీద నమ్మకంతో మిగిలినవాళ్లకు తిప్పి చెప్పాడు. ఒక్కొక్కరే లేవసాగారు. అప్పుడాయన నా మణికట్టు పట్టుకుని, ఆ దూర్బీనుకు మా నుంచి ఏమైనా కావాలా అని అడిగాడు.

ఆయన భుజం వెనకాలే స్తంభాలు కనిపిస్తున్నాయి. ఫోర్‌మన్ లారీకి ఆనుకుని నా పెదాలకేసే చూస్తున్నాడు.

"మాఫీ" అన్నాను.

ఆయన బట్టల దుమ్ము దులుపుకుని లేచాడు. లారీలు కొండెక్కాయి. నేను బతికిపోయాను, ఆ సంతోషం కూడా కాసేపు కలిగింది. ఇప్పటికీ నన్ను సిగ్గుతో చంపేది ఆ సంతోషమే.

దూర్బీను సంగతి నేనున్నన్నాళ్లూ తేలనేలేదు. స్తంభాల సంగతి మాత్రం నెల తిరక్కుండానే తేలిపోయింది. వాటిని లారీకెత్తే పనికి మా గ్యాంగునే పంపారు. ఊరంతా తలుపులు మూసుకుంది. ముసలాయన ఒక్కడే వచ్చి, ఆఖరి స్తంభం ఎక్కించేదాకా పక్కన నిలబడ్డాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

క్షమించమనడానికి అరబ్బీలో ఏమంటారో అన్నేళ్లలో నేను ఎవర్నీ అడిగి తెలుసుకోలేదు. నోటికి వచ్చింది మా ఊరి మాటే.

"మాఫీ, బాబా."

ఆయన స్తంభాలు పోయిన ఖాళీ జాగా వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, అవునన్నట్టు తలూపాడు.

"ఐవా" అన్నాడు. "మాఫీ."