పుట్టగొడుగు పేరు చెప్పింది మా వదిన

నిన్న ఉదయం సీపత్‌లో మా స్కూల్లో ఫస్ట్ పీరియడ్‌కి వెళ్తుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన లేవడం లేదే" అన్నాడు. పది నిమిషాలకు మళ్లీ చేసి, "మీ వదిన ఇంక లేదే" అన్నాడు.

పార్వతి వదిన. నిన్నగాక మొన్ననే ఫోన్‌లో మాట్లాడింది.

ఈ పోస్ట్‌లో మంచి మాటలే రాయాలి. కానీ ఆమెను చూసి నేను ఎంత కుళ్లుకున్నానో చెప్పకపోతే ఇదంతా అబద్ధమవుతుంది.

నేను ఎమ్మెస్సీ బోటనీ, బయాలజీ టీచర్‌ని. ఆమె పదో తరగతి, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో గృహిణి.

మూడేళ్ల కిందట వానాకాలంలో ఊరి దగ్గరున్న కోటా దాటి సాల్ చెట్ల అడవికి పిక్నిక్‌కి వెళ్లాం. రాలిన పుల్ల మీద శనగగింజంత పుట్టగొడుగులు చూపించింది వదిన. తెల్లటి గొడుగు, గుర్రపు వెంట్రుక లాంటి నల్లటి కాడ.

నేను సరిగ్గా చూడకుండానే "మైసీనా జాతి" అనేశాను.

ఆమె ఆ పుల్ల ఇంటికి తెచ్చుకుంది. అవి ఎండి ముడుచుకుపోయినా పారేయలేదు. వారం తర్వాత నన్ను పిలిచి, సాసర్‌లో నీళ్లు పోసి అందులో వేసింది. మేం టీ తాగేలోగా గొడుగులన్నీ విచ్చుకున్నాయి.

"నువ్వు సెప్పినదైతే ఎండితే మరి లేవదంట. నీ పుస్తకంలోనే ఉంది, కూడబలుక్కుని సదివాను. మరిదేటి సుజాతా?"

భూతద్దం ఇచ్చింది. గొడుగు కింది రేకులు కాడకు అంటుకోలేదు. కాడ చుట్టూ ఉన్న చిన్న రింగుకు అతుక్కుని, సైకిల్ చక్రం పుల్లల్లా ఉన్నాయి.

అది మరాస్మియస్ అనే వేరే జాతి, పుస్తకంలో ఆ పేరు వెతికి చూపించిందీ వదినే. నాకు కడుపు మండిపోయింది.

తర్వాత కోని యూనివర్సిటీలో సెమినార్‌కి ఆ పుల్లను, ఫోటోను నా పేరు మీదే ఇచ్చాను. వదిన మంచి చీర కట్టుకుని వచ్చి, రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

తిరిగొస్తూ ఆటోలో అడిగింది. "అచ్ఛా, నాను ఏరినానని సెప్పడం మరిసిపోనావేటి?"

"టైమ్ సరిపోలేదు వదినా."

"సర్లే" అంది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ప్రతి వానాకాలం అడవికి రమ్మని పిలిచేది. నేను వెళ్లలేదు.

నిన్న కోని నుంచి, ఆ సెమినార్ పెట్టిన ప్రొఫెసర్ మేడం వచ్చారు. వదిన ఫోటోలు పంపి డౌట్లు అడుగుతుండేదట. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. ఆమె వదిన పక్కన కూర్చుని ఏడుస్తుంటే, చావు దగ్గర కూడా నాకు అసూయే.

నామీద నాకే అసహ్యం వేసింది. వరండాలో మేడంని ఆపి, ఆ పుల్ల ఏరిందీ గుర్తుపట్టిందీ వదినేనని నిజం చెప్పేశాను. ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఈ ఉదయం ఒక ఫోటో పంపారు. యూనివర్సిటీలో ఆ పుల్ల దాచిన కవర్ మీద నా పేరు కొట్టేసి ఉంది. దాని కింద "సేకరించి గుర్తించినవారు: పార్వతి, బిలాస్‌పూర్" అని రాసి ఉంది.

చూడగానే కాస్త కుట్టింది. దాచను.

ఆ పేరు అక్కడ ముందే ఉండాల్సింది వదినా. వెళ్లిరా. నీ దారి చల్లగా, నెమ్మదిగా ఉండాలి.