తాళాలక్క ఇల్లు చూపిన రోజు

ఇళ్ల బ్రోకర్ల సంఘం పాతికేళ్ల సంచికలో ఆరుగురు అధ్యక్షుల ఫోటోలున్నాయి. ఆరుగురూ ఒకే కుర్చీలో కూచుని దిగారు. కుర్చీ గురించి ఆ పుస్తకంలో చాలానే ఉంది. సంఘాన్ని నిలబెట్టిన మనిషి గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంది, అదీ తప్పుల తడక. అందుకే ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

సంఘం ఒక గుమ్మంలో పుట్టింది. ఒకే ఇంటికి, ఒకే పూట, ఇద్దరు బ్రోకర్లు రెండు బేరాల్ని, అంటే కొనేవాళ్లని, వెంటబెట్టుకొచ్చారు. "ఇది నా ఇల్లు" అని ఒకడంటే "నీదెట్లా అయింది, నాది" అని ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు. నిజానికి ఆ ఇల్లు ఇద్దరిదీ కాదు. చొక్కాలు చిరిగేలోపు బేరాలు రెండూ మెట్లు దిగి వెళ్లిపోయాయి. అసలు ఇంటాయన తలుపేసుకున్నాడు.

మర్నాడు పద్నాలుగుమంది బ్రోకర్లు ఒక మేడమీది గదిలో కూచున్నారు. అమ్మకానికున్న ఇళ్ల తాళాలన్నీ ఒక్కచోటే ఉండాలనీ, ఇల్లు చూపేవాడు పలకమీద పేరు రాసి తాళం తీసుకెళ్లాలనీ తీర్మానించారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తాళాలు ఎవరి దగ్గరుండాలన్న చోట పీటముడి పడింది. పద్నాలుగుమందిలో ఏ ఒక్కరికీ మిగతా పదముగ్గురి మీద నమ్మకం లేదు. సాయంత్రందాకా వాదించుకుని, గొంతులు ఎండిపోయాక, గది ఊడ్చడానికొచ్చిన మనిషి చేతికి తాళాల గుత్తి ఇచ్చారు. ఆమె ఏ వర్గానికీ చెందదని వాళ్ల ధీమా. అలా ఆమె తాళాలక్క అయింది.

అక్క తాళాలు దాచి ఊరుకోలేదు. మూసిన ఇల్లు ముక్కిపోతుందని వారానికోసారి వెళ్లి కిటికీలు తెరిచేది. మొదటి వానకు ఏ గదిలో చుక్క రాలుతుందో, ఏ కుళాయి పొద్దున ఎనిమిది దాటితే గుటకలు మింగుతుందో, ఏ మెట్టు కాలికి తేడాగా తగులుతుందో ఆమెకు తెలుసు. రంగులు వేసే భర్త సాయంత్రాలు గోడల సంగతులు చెప్పేవాడు. ఏ పగులు పైపైది, ఏది పునాదినుంచి వచ్చిందో ఆయన దగ్గరే నేర్చుకుంది. కొన్నేళ్లకు ఇల్లు చూసొచ్చిన జనం బ్రోకరునే అడగడం మొదలుపెట్టారు. "అన్నీ బాగానే ఉన్నాయంటున్నావు. తాళాలక్క ఏమంటుంది?"

పదకొండో ఏడు ఆమె సభ్యత్వానికి దరఖాస్తు పెట్టింది.

దరఖాస్తు గదిలో చేతులు మారుతూ తిరిగింది. తర్వాత ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నువ్వూ మెంబరువైతే రేపు ఈ గది ఊడ్చేదెవరు?"

"చీపురు తలుపు వెనకాల ఉంటుందన్నా. కావాలంటే ఎట్లా పట్టుకోవాలో నేర్పిస్తాను."

నవ్వనివాడు అప్పటి అధ్యక్షుడొక్కడే. ఆయన దరఖాస్తును రెండుసార్లు చదివి, "పరీక్ష అందరికీ ఒకటే కదమ్మా. ఆదివారం పెట్టుకుందాం. ఉత్తరం వీధిలో అమ్మకానికున్న మా ఇల్లే చూపించు" అన్నాడు.

పరీక్ష అంటే కాగితమూ కలమూ కాదు. సంఘంలో పెద్దాయన బేరంగా నటిస్తాడు. కొత్తవాళ్లు ఆయనకు ఒక ఇల్లు చూపించాలి. చివర్న ఆయన ఇల్లు కొంటాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. "ఈ మనిషితో ఇంకో ఇల్లు చూస్తాను" అంటే గెలిచినట్టు, "చూడను" అంటే ఓడినట్టు. వేలి కణుపులతో ద్వారబంధాన్ని రెండుసార్లు కొట్టి వినకుండా ఏ ఇంట్లోనూ అడుగుపెట్టడు కాబట్టి ఆయన్ను అందరూ గడప మామ అనేవారు.

ఉత్తరం వీధి ఇంటి సంగతి అక్కకు తెలుసు. ఆ ఇంటి వెనక గది గోడ చెమ్మ పట్టి ఉంది. అధ్యక్షుడు రెండు నెలల కిందట దానిమీద రంగు వేయించాడు. వేసింది ఎవరో కాదు, ఆమె భర్తే.

ఇంటికెళ్లి చెబితే ఆయన బ్రష్షులు కడుగుతూ తలెత్తలేదు.

"గోడ ఏడుస్తుంటే పౌడరు పూసొచ్చాను. ఇట్లా కాదండీ, గోడలో పైపు చూడండి అన్నాను. నీకు చెప్పిన పని చెయ్యి అన్నాడు."

"ఇప్పుడు నేనేం చెయ్యను?"

"నాకొచ్చే పనిలో సగం ఆయన చేతిలోనే ఉంది. ఆ సంగతి నీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఆ ఇల్లు ఇచ్చాడు."

"అయితే చెప్పొద్దంటారా?"

ఆయన బ్రష్షు విదిలించాడు. "చెప్పమంటే కూటికి భయం. వద్దంటే ఇన్నేళ్లు నీకు గోడల గురించి ఎందుకు నేర్పానా అని సిగ్గు. నన్నడక్కే తల్లీ."

ఆదివారం పొద్దున సంఘం సంఘమంతా ఉత్తరం వీధిలో ఉంది. గడప మామ ద్వారబంధం కొట్టి లోపలికొచ్చాడు. అక్క ముందుగది చూపింది. వంటగది కిటికీలోంచి మధ్యాహ్నందాకా వెలుతురు వస్తుందని చెప్పింది. మేడమెట్లలో నాలుగోది కాస్త ఎత్తు, పిల్లలుంటే జాగ్రత్త అంది. అధ్యక్షుడు చేతులు కట్టుకుని ఒక్కో గదికీ తలూపుతున్నాడు. వెనక గది గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"ఇదేం గదమ్మా? గోడ అద్దంలా ఉంది" అన్నాడు గడప మామ.

ఆమె భర్త వీధిలో నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. ఆయన ఇటు తిరగలేదు.

"రంగు కొత్తది మామా, గోడ పాతదే" అంది అక్క. "అడుగున చెయ్యి పెట్టి చూడండి. లోపల పైపు కారుతోంది. వానాకాలం వచ్చేసరికి ఈ రంగు పొరలు పొరలుగా లేస్తుంది. కొనేవాళ్లు ఈ గోడ పగలగొట్టి పైపు మార్చుకోవాలి. అది చేయించుకుంటే ఇల్లు రాయిలా నిలబడుతుంది."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అధ్యక్షుడి ముఖం కందగడ్డయింది. "పరీక్ష ఇల్లు చూపడానికమ్మా, పరువు తీయడానికి కాదు."

"పరువు గోడలో ఉందనుకోలేదండీ" అంది ఆమె మెల్లగా.

గడప మామ వంగి గోడ అడుగున అరచెయ్యి ఆనించాడు. తీసి చూసుకున్నాడు. తడి చేతిని పంచె కొసకు తుడుచుకుంటూ అధ్యక్షుడి వైపు తిరిగాడు.

"నీ ఇల్లు నేను కొనను నాయనా. కాని ఈమెతో ఇంకో ఇల్లు చూస్తాను. ఇంకో పది చూడమన్నా చూస్తాను."

సభ్యుల పట్టీలో ఇరవైమూడో పేరుగా ఆమె పేరు ఎక్కింది. అధ్యక్షుడు సంతకం పెట్టాడు, పెట్టక తప్పలేదు. ఏడాదిపాటు ఆమె భర్తకు ఆయన వైపునుంచి ఒక్క గోడ కూడా రాలేదు. ఆ ఏడాది ఇంట్లో ఇద్దరూ పైసా పైసా లెక్కపెట్టుకుని బతికారు. కాని సంఘంలో మరో మార్పు వచ్చింది. ఎవరూ తీర్మానం చేయలేదు, ఎవరూ సంచికలో రాయలేదు. ఆ తర్వాత పరీక్షకొచ్చిన ప్రతివాడూ ఇంటి లోపాన్ని ముందు చెప్పి, మంచిని తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఈ ఊళ్లో ఇల్లు కొన్నవాళ్లు మొదటి వానకు భయపడకుండా నిద్రపోతున్నారంటే కారణం అదే.

ఆమె భర్త ఇప్పుడు ముసలివాడు. ఇంకా నిచ్చెనెక్కుతాడు. కొత్త చోట పనికెళ్తే ఇంటివాళ్లు ఎవరు నువ్వని అడుగుతారు. ఒకప్పుడు రంగులేసేవాణ్ని అనేవాడు. ఇప్పుడు భుజంమీది తువ్వాలు సర్దుకుని, "తాళాలక్క మొగుణ్ని" అంటాడు. తర్వాత గోడవైపు చూసి, "చెమ్మ ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. నేను దాచినా ఆవిడ దాచదు" అంటాడు.